ట్రయల్‌కి రాని మేడం

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. బట్టలు కుట్టించుకునేవాళ్లు మాస్టర్ అంటారు. కుట్టించుకోనివాళ్లూ మాస్టర్ అనే అంటారు. కరెంటు బిల్లు తెచ్చేవాడు బిల్లు మీది పేరు చదివే ఓపిక లేక "మాస్టర్, బిల్లు!" అని గుమ్మంలోంచి విసిరి పోతాడు. ఇంట్లో భార్యకు ఆయన "ఏమండీ", బావమరిదికి "బావా". ఇన్నేళ్లూ వాడకుండా పక్కన పెట్టేసరికి ఆ పేరు తనదేనన్న సంగతి ఆయనకే అప్పుడప్పుడు కొత్తగా అనిపించేది. అలాంటి మనిషి తల సగం నెరిశాక కాలేజీలో చేరాడు. చేరాక ఆ పేరు కోసమే ఒక పూటంతా పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి అంతా మంచే జరిగింది కాబట్టి ఈ సంగతి నవ్వుతూ చెప్పుకోవచ్చు. జరక్కపోయి ఉంటే ఆయన ఎవరినీ చెప్పనిచ్చేవాడు కాదు.

మాస్టర్ దుకాణం ఒక పాత షాపింగ్ కాంప్లెక్సులో మెట్ల కింద ఉంది. మెట్ల కింద కాబట్టి పైకప్పు ఏటవాలు. మిషను ముందు నుంచి లేచేటప్పుడు తల వంచుకుని లేవకపోతే బొప్పి కట్టడం ఖాయం. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లోనూ, బస్సులోనూ, చివరికి బయట ఆకాశం కింద బల్ల మీంచి లేచినా ఆయన తల వంచే లేస్తాడు. చూసినవాళ్లు ఎంత వినయమో అనుకుంటారు. వినయం లేదు, ఏమీ లేదు. మెట్లు.

ఒకప్పుడు ఆ మెట్ల కిందే కోట్లు కుట్టాడు. పెళ్లికొడుకులకు, వకీళ్లకు, ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాళ్లకు. ఇప్పుడు కోటు కావాల్సినవాడు షాపులో కొనుక్కుని, చేతులు పొడుగైతే ఈయన దగ్గరికి తెస్తాడు. ప్యాంటు కాళ్లు కురచ చేయడం, జిప్పు మార్చడం, నడుం వదులు చేయడం, రోజంతా ఇదే పని. "ఎవడో కుట్టినదాన్ని కత్తిరించడమే నా బతుకైపోయింది" అని భార్య దగ్గర గొణుక్కునేవాడు. గొణుగుడు కాదది, దిగులు. మొత్తం గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, మొదటి కత్తెర వేసేటప్పుడు ఒంట్లో పుట్టే ఆ ఝల్లు ఆయనకు కరువై చాలా కాలమైంది.

అలాంటప్పుడు వెనక వీధిలోని కుట్టు శిక్షణ కేంద్రం పెద్దావిడ ఒక రోజు పాత కోటు పట్టుకొచ్చింది. ఎప్పుడో ఈయనే కుట్టిన కోటది. గుండీ ఊడితే వేయించుకోవడానికి వచ్చి, గుండీ సంగతి మరిచి వేరే మాట ఎత్తింది. "మాస్టర్, మా దగ్గర కటింగ్ నేర్పే ఆయన మానేస్తున్నాడు. మీరు రాకూడదూ?"

మాస్టర్ చేతిలో సూది ఆగిపోయింది.

"వస్తే ఇష్టమేనండీ. నేర్పడం నాకేం తెలుసు?"

"అదే చెప్పొస్తున్నా. కేంద్రం నియమం ఒకటుంది. నేర్పేవాళ్లు ఎవరైనా సరే, నేర్పే పద్ధతుల మీద కాలేజీ కోర్సు ఒకటి పూర్తి చేసి ఉండాలి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేసేయొచ్చు. మీరు పూర్తి చేసేదాకా ఆ చోటు ఖాళీగా పెడతాను. మధ్యలో ఆపేస్తే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆవిడ వెళ్లిపోయింది. గుండీ వేయకుండానే కోటు తిరిగిచ్చేశానని మాస్టర్‌కి సాయంత్రం దుకాణం మూసేటప్పుడు తట్టింది.

కాలేజీ అన్న మాట ఆయనకు మామూలు మాట కాదు. కుర్రతనంలో కొన్ని నెలలు కాలేజీకి వెళ్లాడు. ఇంతలో తండ్రి మంచాన పడ్డాడు. తండ్రిదీ ఇదే మెట్ల కింది దుకాణం. ఒప్పుకున్న బట్టలు కుట్టివ్వాలి కదా అని కొడుకు మిషను ముందు కూర్చున్నాడు. తండ్రి కోలుకున్నాక మళ్లీ పుస్తకాలు పట్టుకుని వెళ్తే, లెక్చరర్ హాజరు పిలుస్తున్నాడు. ఈయన గుమ్మంలో నిలబడి తన పేరు కోసం ఎదురుచూశాడు. ముందు పేరు పిలిచాడు, తరవాతి పేరు పిలిచాడు. మధ్యలో ఉండాల్సిన పేరు లేదు. కొట్టేశారు. లోపలికి వెళ్లి "సార్, నేనున్నానండీ" అంటే ఏమయ్యేదో! బహుశా పెన్ను తీసి మళ్లీ రాసుకునేవాడే. ఆ మాట నోట రాక, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి దుకాణానికి వచ్చి, మెడలో టేపు వేసుకున్నాడు. ఈ సంగతి భార్యకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. భార్యకు చెప్పినా, జోకులా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

కాంప్లెక్సు రెండో అంతస్తులో సెల్‌ఫోన్లు బాగుచేసే బావమరిది ఈ కాలేజీ కబురు వినగానే ఎగిరి గంతేశాడు. సాయం చేయొచ్చని కాదు, ఏడిపించొచ్చని.

"బావా, బ్యాగు కొనాలా? మొదటి రోజు ర్యాగింగ్ చేస్తారేమో, నేను తోడు రానా?"

"ముందు నాకో లాప్‌టాప్ సంగతి చూడరా."

"చూస్తాన్లే. మీ అమ్మానాన్నల సంతకం కావాలంటే ఏం చేద్దాం?"

ఏడిపిస్తూనే, ఎవరో బాగుచేయించుకోవడానికిచ్చి మళ్లీ అటు రాని లాప్‌టాప్ ఒకటి దులిపి, సరిచేసి, ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. మర్చిపోలేని పాస్‌వర్డ్ పెట్టుకోమంటే మాస్టర్ తన మొదటి కోటు కొలతలు పెట్టాడు. ఛాతీ, నడుం, చేయి, వరసగా. కోటు ఎవరిదో మరిచాడు గానీ కొలతలు మరవలేదు. తలుపు తెరుచుకున్నట్టు కాలేజీ పేజీ తెరుచుకుంది, పైన ఒక మూల ఆయన పూర్తి పేరు కనిపించింది. "నీ పేరింత పొడుగా బావా!" అని బావమరిది నోరు తెరిచాడు. మాస్టర్ ఆ పేరు వంక కాసేపు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

మొదటి తరగతి రోజు ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని, దువ్వుకుని, లాప్‌టాప్ ముందు నిటారుగా కూర్చున్నాడు. తెర నిండా గళ్లు. కొన్ని గళ్లలో మొహాలు, చాలా గళ్లలో ఉత్త చీకటి, కింద పేర్లు. పాఠం చెప్పే మేడం చాలా చిన్నది, ఆయన కూతురంత ఉంటుందేమో. మాట మాత్రం స్థిమితంగా ఉంది. కెమెరా పెట్టడం మీ ఇష్టం, మైకు అవసరమైతేనే తెరవండి అని ఆవిడ అనగానే మాస్టర్ భుజాలు దిగాయి. ఎవరికీ కనపడక్కర్లేదు, వినపడక్కర్లేదు! ఇంతకంటే సుఖమైన కాలేజీ ఉంటుందా? చొక్కా పైగుండీ విప్పుకుని, కాలు మీద కాలేసుకుని పాఠమంతా విన్నాడు. నచ్చిందండీ పాఠం. నేర్చుకునేవాడు తప్పు చేస్తే ముందు ఏం చూడాలి అన్నది ఆ రోజు విషయం. తనకు కుట్టు నేర్పిన గురువు ఎన్ని తిట్లు తిట్టాడో, ఆ తిట్లలో ఎన్ని పనికొచ్చాయో, ఎన్ని వట్టి తిట్లో కూర్చున్నచోటే బేరీజు వేసుకున్నాడు.

చివర్లో మేడం చెప్పింది. "ప్రతి తరగతి తరవాతా ఒక ప్రశ్న ఇస్తాను. కింద పెట్టెలో మీ జవాబు రాయండి. ఒకరిది ఒకరు చదవండి, మాట్లాడుకోండి. ఈ కోర్సులో పాల్గొనడమంటే అదే."

మొదటిది ప్రశ్న కూడా కాదు, మీ గురించి చెప్పండి అన్నారు. మాస్టర్ ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కుతూ, చెరిపేస్తూ, మళ్లీ నొక్కుతూ రాశాడు. తానొక టైలర్నని, మెట్ల కింద దుకాణమని, నేర్పడం నేర్చుకోవాలని వచ్చానని. రాయడం అయ్యాక పెట్టె కింద రెండు బటన్లు కనిపించాయి. ఒకటి బూడిద రంగుది, "డ్రాఫ్ట్‌గా ఉంచు" అంటుంది. ఇంకోటి నీలం రంగుది, "పంపించు" అంటుంది.

ఇక్కడే జరిగింది పొరపాటు. ఇంకెవరైనా అయితే చేసేవారు కాదు.

కోటు కుట్టేవాడు ఒక్కసారిగా కుట్టేయడు. ముందు ముక్కలన్నీ చేత్తో పొడుగు పొడుగు కుట్లు వేసి జతచేస్తాడు. దాన్నే కచ్చా కుట్టు అంటారు. ఒక కొస పట్టి లాగితే మొత్తం ఊడివచ్చేస్తుంది. ఆ కచ్చా కుట్టు మీదే కోటును తగిలించి, కొలతలిచ్చిన మనిషి కోసం ఆగుతాడు. ఆ మనిషి వచ్చి తొడుక్కుని, చంక దగ్గర పడుతోందనో, భుజం జారుతోందనో చెప్పాక, అప్పుడు గానీ మిషను మీద పెట్టడు. ట్రయల్ చూడకుండా పక్కా కుట్టు వేసి చేతిలో పెట్టడమంటే ఆయన గురువు దృష్టిలో పొగరు. ఆ పొగరుకే చిన్నప్పుడు ఒకసారి నెత్తిన మొట్టికాయ కూడా తిన్నాడు.

కాబట్టి ఆ రెండు బటన్లు చూడగానే మాస్టర్‌కి అంతా తేటతెల్లమైపోయింది. బూడిద రంగుది కచ్చా కుట్టు. నీలం రంగుది పక్కా కుట్టు. ముందు డ్రాఫ్ట్‌గా ఉంచితే మేడం వచ్చి చూస్తుంది, ఇక్కడ బిగుతైంది, అక్కడ వదులైంది అని చెబుతుంది, సరిచేశాక పంపించాలి. ఎంత పద్ధతిగా పెట్టారు, చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లే అని మనసులో మెచ్చుకుని బూడిద బటను నొక్కాడు. "భద్రపరిచాం" అని వచ్చింది. హమ్మయ్య అనుకుని లేచాడు, తల వంచుకుని.

రెండో తరగతి ప్రశ్నకూ అలాగే చేశాడు. మూడోదానికీ అంతే. భార్య రోజూ అడిగేది.

"మీ మేడం ఏమన్నారండీ?"

"ఇంకా ట్రయల్‌కి రాలేదు."

"అంతమంది ఉన్నారుగా, వరసలో చూస్తారేమో."

"అదే అనుకుంటున్నా. తొందర పెట్టకూడదు."

వరస రాలేదని ఊరుకున్నాడా అంటే, ఊరుకోలేదు. మేడం వచ్చేలోపు ఇంకాస్త బాగుండాలని రోజూ దుకాణం నుంచి రాగానే పాత జవాబులు తెరిచి, ఒక మాట తీసి, ఒక మాట పెట్టి, మళ్లీ బూడిద బటను నొక్కేవాడు. భార్య ఒక క్లినిక్కులో వచ్చినవాళ్లకు వరస నంబర్లిచ్చే పని చేస్తుంది. ఎదురుచూపులంటే ఆవిడకు కొట్టిన పిండి. అయినా ఆవిడకే విసుగొచ్చింది గానీ ఈయనకు రాలేదు. మిగతావాళ్ల జవాబులు మాత్రం అన్నీ చదివాడు. ఒక నర్సు, ఒక డ్రైవింగు నేర్పేవాడు, ఈత నేర్పే ఒకావిడ, అందరూ జోరుగా మాట్లాడుకుంటున్నారు. వీళ్లకప్పుడే ట్రయల్ అయిపోయిందన్నమాట, అదృష్టవంతులు అనుకునేవాడు.

ఒక ఉదయం, నడుం వదులు చేయమని ఎవరో ఇచ్చిన ప్యాంటు విప్పుతుండగా ఫోనులో చిన్న చప్పుడు. కాలేజీ నుంచి సందేశం. చదివాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు. ఈ కోర్సులో మీరు ఇంతవరకు ఒక్కసారీ పాల్గొన్నట్టు నమోదు కాలేదు, ఈ సాయంత్రం తరగతి ముగిసేలోపు మీ నుంచి ఏమీ రాకపోతే మీ పేరు తొలగిస్తాం అని దాని సారాంశం.

మాస్టర్ గబుక్కున లేచాడు. అంత కంగారులో తల వంచడం మరిచాడు. ఠంగుమని తగిలింది. ఒక చేత్తో నెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని మెట్లెక్కి బావమరిది దుకాణంలో పడ్డాడు.

"ఒరేయ్, నా పేరు కొట్టేస్తారటరా!"

బావమరిది ఎగతాళికి నోరు తెరిచినవాడు బావ మొహం చూసి మూసుకున్నాడు. సందేశం చదివాడు. "అదేంటి బావా, నువ్వు ఒక్క తరగతీ ఎగ్గొట్టలేదుగా?"

"ఒక్కటీ లేదు."

"జవాబులు రాశావా?"

"అన్నీ రాశాను. చూడు కావాలంటే." ఫోనులోనే పేజీ తెరిచి చూపించాడు. నిజమే, మాస్టర్ రాసిందంతా అక్కడే, వరసగా, చక్కగా ఉంది. రాసినవాడికి కనపడుతుంది కదా మరి. బావమరిది ఫోన్ల లోపలి తీగలు చూసినంత శ్రద్ధగా పైన ఉన్న అక్షరాలు చూసే రకం కాదు. "ఇంకేం, నీ తప్పేం లేదు. వాళ్ల కంప్యూటర్‌కే ఏదో తెగులు పట్టింది. సాయంత్రం గట్టిగా అడిగెయ్!"

గట్టిగా అడగడం! మాస్టర్ తిరిగి మెట్లు దిగుతూ ఆ మాట గురించే ఆలోచించాడు. తప్పు వాళ్లదైతే ఇంకా కష్టం. తనదైతే క్షమించండి అనొచ్చు. వాళ్లదైతే ఏమని అడుగుతాడు, ఏ నోటితో అడుగుతాడు? ఆ రోజు మిగతా పనంతా అడ్డదిడ్డంగా నడిచింది. వదులు చేయమన్న నడుం బిగించి కుట్టి, మళ్లీ విప్పాడు. శిక్షణ కేంద్రం వైపు వెళ్లే పెద్దావిడ దూరం నుంచి చెయ్యి ఊపితే, చూడనట్టు మిషను మీదికి వంగిపోయాడు. రేపు ఈవిడకు ఏం చెప్పాలో ఇప్పుడే మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాడు కూడా. వయసు మీద పడిందండీ, కళ్లు లాగుతున్నాయండీ, తీరిక చిక్కట్లేదండీ. పేరు కొట్టేశారని మాత్రం చెప్పడు. ఆ మాట ఒకసారి మింగినవాడికి రెండోసారి మింగడం కష్టం కాదనుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెప్పి, లాప్‌టాప్ తెరవకుండా మంచం మీద కూర్చున్నాడు. భార్య క్లినిక్కు నుంచి అప్పుడే వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు.

"ఇంకా అలా కూర్చున్నారేం? తరగతి వేళైంది."

"పోనీలే. మన నుదుట కాలేజీ రాసిపెట్టి లేదు."

ఆవిడ చేతిసంచీ బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "ఆ రోజు గుమ్మంలో నిలబడి తిరిగొచ్చేశారు. నాకు చెప్పినప్పుడు నవ్వారు, గుర్తుందా? నాకైతే ఒళ్లు మండింది. మీ మీదే మండింది. ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయేదని! రోజూ వరసలో నిలబడ్డవాళ్లను చూస్తుంటాను నేను. నంబరు పోయిందని నోరు తెరిచి అడిగినవాడికి ఇంకో నంబరిస్తాను. అడక్కుండా వెళ్లిపోయినవాడికి ఏమివ్వను? లేవండి. పేరు కొట్టేస్తే కొట్టేయనివ్వండి, ఈసారి అడిగి కొట్టించుకోండి."

మాస్టర్ లేచాడు.

తరగతి అప్పటికే మొదలైంది. మేడం ఏదో చెబుతోంది. ఆయన వేలు మైకు బొమ్మ మీద ఆడుతోంది గానీ దిగట్లేదు. భార్య వంటగది గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటెతో కళ్లెర్రజేసింది. నొక్కాడు. కంగారులో రెండుసార్లు నొక్కాడు. దాంతో తెరుచుకున్న మైకు మూసుకుంది. "మేడం" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. ఇంకా గట్టిగా "మేడం!" అన్నాడు. అబ్బే. చూసుకుని మళ్లీ నొక్కి, అదే ఊపులో ఒక్క కేక పెట్టాడు.

"మేడం!"

తెరలో మొహాలున్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. మేడం చెవికి పెట్టుకున్నది కాస్త పక్కకు జరిపి, నవ్వు ఆపుకుంటూ, "చెప్పండి, వినపడుతోంది. బాగా వినపడుతోంది" అంది.

"మేడం, నేను రోజూ వస్తున్నానండీ. ఒక్క రోజూ మానలేదండీ. నా పేరు తీసేస్తామని సందేశం వచ్చిందండీ. మరి నేను… నేనున్నానండీ."

అనేశాడు. ఎన్నో ఏళ్ల కిందట అనాల్సిన మాట.

"ఒక్క నిమిషం." మేడం ఏవో చూసుకుంది. "మీరు తరగతికి వస్తున్నట్టు కనిపిస్తోంది. జవాబులు మాత్రం ఒక్కటీ రాలేదండీ నాకు."

"అన్నీ రాశానండీ. అక్కడే ఉన్నాయి. మీరు చూస్తారని పెట్టాను."

"ఎక్కడ పెట్టారు? రాశాక ఏ బటను నొక్కారో చెప్పగలరా?"

"బూడిద రంగుదండీ. డ్రాఫ్ట్."

"అయ్యో! డ్రాఫ్ట్ మీ ఒక్కరికే కనపడుతుందండీ. నాకు కనపడదు. నీలం బటను ఎందుకు నొక్కలేదు?"

"మీరింకా ట్రయల్‌కి రాలేదు కదండీ!"

మాస్టర్‌కి ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తాను టైలర్నని, అందరూ మాస్టర్ అంటారని, కోటుకి ముందు కచ్చా కుట్టు వేసి తగిలిస్తామని, తొడుక్కునేవాళ్లు వచ్చి చూసేదాకా పక్కా కుట్టు వేయకూడదని, అందుకే కచ్చా కుట్టు మీద అన్నీ తగిలించి, ఆవిడ కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నానని.

ముందు డ్రైవింగు నేర్పేవాడు ఫక్కుమన్నాడు. తరవాత నర్సు. ఆ తరవాత చీకటి గళ్లలోంచి కూడా నవ్వులు. మేడం తల వెనక్కి వాల్చి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడా వెక్కిరింత లేదు. ఒళ్లు తేలికైపోయి మాస్టర్ కూడా నవ్వాడు, పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. వంటగదిలో గరిటె ఏదో గిన్నెకు తగిలి మోగింది.

"నేను చెప్పాల్సింది" అంది మేడం, నవ్వు తగ్గాక. "ఇన్ని రోజులూ ఎవరేం నొక్కుతున్నారో కూడా అడక్కుండా పాఠాలు చెప్పుకుంటూ పోయాను. మాస్టర్ గారూ, మా దగ్గర ట్రయల్ లేదండీ. కుట్టి ఇచ్చేయడమే. బిగుతైతే విప్పి సరిచేసుకుందాం, దానికి ఎవరూ ఏమీ అనరు. పేరు తీయడం, ఉంచడం నా చేతిలో పనే. తీయను. ఆ జవాబులు ఇప్పుడే పంపండి."

"ఇలాగేనా అండీ? చూడకుండానే?"

"ఇలాగే."

మాస్టర్ నీలం బటను మీదికి వేలు తెచ్చాడు. కొత్త గుడ్డకు మొదటి కత్తెర వేసేటప్పటి ఝల్లు పుట్టింది. ఇన్నాళ్లకు! నొక్కాడు. మొదటిది వెళ్లింది. రెండోది వెళ్లింది. మూడోది ఆలోచించకుండానే నొక్కాడు.

పాఠం ముందుకు సాగుతుండగానే ఆయన మొదటి జవాబు కింద మాటలు రావడం మొదలైంది. మెట్ల కింద దుకాణంలో తల తగలదా అని ఈత నేర్పే ఆవిడ అడిగింది. ఇవాళ పొద్దున్నే తగిలింది అని మాస్టర్ రాసి, బూడిద బటను వైపు వెళ్తున్న వేలిని ఆపి, నీలం బటను నొక్కాడు. రెండో జవాబులో ఆయన తన గురువు గురించి రాశాడు. కుట్టడం కంటే ముందు విప్పడం నేర్పాడని, గుడ్డకు గాయం కాకుండా విప్పడం వచ్చినవాడికి కుట్టడానికి భయం ఉండదన్నాడని. ఆ మాట తనకు బాగా నచ్చిందని, కొత్తగా చేరిన నర్సులకు రేపు ఇలాగే ఏదో చెప్పాలని నర్సు రాసింది. మాస్టర్ ఆ వాక్యం తనలో తాను చదువుకున్నాడు. భార్యను పిలిచి చదివించాడు. ఆవిడ చదివి, "ఇదంతా ఇన్నాళ్లూ లోపల దాచుకుని కూర్చున్నారా" అని నెత్తి మీది బొప్పి తడిమి చూసి, ఐసు తేవడానికి వెళ్లింది.

ముగించే ముందు మేడం గొంతు సవరించుకుంది. "ఇవాళొక పని చేద్దాం. వచ్చినప్పటి నుంచీ చీకటి గళ్లతో మాట్లాడుతున్నాను. మీరెవరో నాకు తెలియాలి. పాతకాలం పద్ధతిలో పేర్లు పిలుస్తాను. మైకు తెరిచి పలకండి."

పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ పలుకుతున్నారు. కొందరు హుషారుగా, కొందరు నసుగుతూ. మాస్టర్ మైకు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. అంతా బాగానే ఉందని తెలుసు. పేరు తీయనని ఆవిడ నోటితో చెప్పింది కూడా. అయినా పేర్లు ఒక్కొక్కటే దగ్గరపడుతుంటే, ఆయన మళ్లీ కుర్రాడై పుస్తకాలు పట్టుకుని ఆ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. ముందు పేరు పిలిచింది. డ్రైవింగు నేర్పేవాడు పలికాడు. మాస్టర్ తెర మీదికి వంగాడు.

మేడం ఆయన పేరు పిలిచింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం మింగకుండా, మొత్తం పేరు.

ఎవరిదో మంచి పేరు అనుకున్నాడు మాస్టర్.

"ఏమండీ, మిమ్మల్నే!" వంటగదిలోంచి భార్య కేక. మైకు తెరిచే ఉండడంతో తరగతి అంతా విన్నది.

మాస్టర్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియదు, పేరు పిలిస్తే లేవాలి కదా. లేచినవాడు తల వంచలేదు.

"ఉన్నానండీ" అన్నాడు.

"కూర్చోండి, కూర్చోండి" అని నవ్వి, మేడం తరవాతి పేరులోకి వెళ్లింది. మాస్టర్ కూర్చున్నాడు. మైకు ఆపడం మర్చిపోయాడు. తరవాతి మనిషి పలికేలోపు ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు కాలేజీ మొత్తానికి వినపడింది.